బెత్తెడు దాటని మొక్కలు

మార్చి 8

ఇది నా కొడుకు లావ్రిక్ నోటు పుస్తకం. సగం దాకా వాడు రాసుకున్నాడు. మిగిలిన సగం ఖాళీ. ఆ ఖాళీ చూడలేక నేను రాస్తున్నాను. వాడు రాసింది ఇంగ్లీషులో. నాకు అంకెలు తెలుస్తాయి, చిన్న చిన్న మాటలు కూడబలుక్కోగలను. నాన్న మమ్మల్ని రెండేళ్లకు మించి బడికి పోనివ్వలేదు. రాయడం, అదీ మా రష్యన్‌లో, తర్వాత నేనే నేర్చుకున్నాను. తప్పులుంటే ఉండనీ, ఎవరు చూస్తారు.

వాడు పోయి ఇవాళ్టికి పది రోజులు.

కింది గదిలో వాడు మొక్కలు పెంచే వెండి రంగు గుడారం అలాగే ఉంది. అందులో దీపం దానంతటదే వెలుగుతుంది, దానంతటదే ఆరిపోతుంది. దీపం కింద నాలుగు కుండీలు, నాలుగు గంజాయి మొక్కలు. వాడు పోయిన రోజుకు రెండేసి ఆకులు. ఇప్పుడు రెండు వేళ్ల ఎత్తు. దొంగతనంగా ఏమీ పెంచలేదు, ఇక్కడ కెనడాలో ఇంటికి నాలుగు పెంచుకోవచ్చని చట్టమే ఉంది. నాకే ఇష్టం ఉండేది కాదు.

గుడారం పక్కన వాడి బల్ల తుడిచి, రొట్టె, ఉప్పు, నీళ్లు పెట్టాను.

మార్చి 11

రొట్టె, ఉప్పు, నీళ్లు మార్చాను. నిన్నటి రొట్టె పిట్టలకు వేశాను. నిన్నటి ఉప్పు, నీళ్లు పారబోయడానికి చేతులు రాలేదు. వాడి కోసం పెట్టినవి తూములో ఎలా పోస్తాను? ఆ చిటికెడు ఉప్పు కూజా నీళ్లలోనే కలిపేసి, నాలుగు కుండీలకూ సమంగా పోశాను. వాడివి వాడి మొక్కలకే.

రష్యా నుంచి వచ్చిన మా దుఖోబోరుల్లో, పోయినవాళ్లను సాగనంపే రోజున ఈ బల్ల పెడతారు. మళ్లీ ఆరు వారాలకు, ఏడాదికి. అందరూ చేరి కీర్తనలు పాడేటప్పుడు మాత్రమే. రోజూ ఎవరూ పెట్టరు. నేను పెడుతున్నాను. ఎవరికీ చెప్పలేదు.

మార్చి 14

బల్ల మార్చాను. మొక్కలు మూడు వేళ్లు.

మార్చి 17

కూతురు మరూస్య కెలోనా నుంచి ఫోను చేసింది.

"అమ్మా, తింటున్నావా?"

"తింటున్నానే."

"ఏం తిన్నావ్ ఇవాళ?"

టీ తాగానన్నాను. దానికి అర్థమైపోయింది.

"ఆరు వారాల రోజుకు రెండ్రోజుల ముందే వస్తాను. వంటంతా నేను చూసుకుంటా. ఆ మర్నాడు కింది గది ఖాళీ చేసేద్దాం."

"మొక్కలున్నాయి కదే."

"ఏం మొక్కలమ్మా! వాటి కోసం వాడిని రోజూ తిట్టిపోసిందెవరు, నేనా?"

"బతికున్నవి తీసి ఎలా పారేస్తాం?"

వెనకాల దాని ఇంట్లో నీళ్ల చప్పుడు వినపడింది. "సరే. ఆ రోజుకు అవి మోకాలెత్తు అయ్యాయనుకో, ఉంచుకో. నేను నోరెత్తను. లేదంటే నా చేత్తో నేనే తీసేస్తా. పొద్దస్తమానం ఆ గుడారం ముందు కూచుంటున్నావట, పోల్య అత్త చెప్పింది. నాకు భయమేస్తోందమ్మా."

ఏప్రిల్ తొమ్మిది. ఇంకా ఇరవై మూడు రోజులు.

వాడి పాత పేజీలు తిప్పి చూశాను. పోయినసారి వేసినవి ఈ వయసుకు ముప్పై సెంటీమీటర్లు అని ఉంది. స్కేలు తెచ్చి పెట్టాను. ఏడు. ఇంకోసారి పెట్టాను. ఏడే.

మార్చి 18

బల్ల మార్చాను. ఏడు.

మార్చి 19

గ్రీషాను పిలిచాను. లావ్రిక్‌తో చదువుకున్నవాడు. ఊళ్లో మట్టి, కుండీలు, దీపాలు అమ్మే దుకాణం వాడిది. నలభై నాలుగేళ్లొచ్చాయి, పొట్ట అడ్డం పడి వంగలేడు. మూలుగుతూ గుడారం ముందు కూలబడ్డాడు.

"ఏంటి పిన్నీ, వీటికింకా పాలు మాన్పించలేదా?"

నాకు నవ్వు రాలేదు. అది చూసి వాడు టోపీ సర్దుకున్నాడు.

ఆకులు పట్టి చూశాడు. ఆకు మీద ఆకు, ఆకు మీద ఆకు, మధ్యలో కాడన్నదే లేదు. నలుపు తిరిగిన పచ్చ. కొసలు ఎర్రగా కాలినట్టున్నాయి.

"దీపం మరీ నెత్తి మీదుంది. వెలుగు అంత దగ్గరుంటే ఇంక అది పైకెందుకు పోతుంది? కుదురుగా అక్కడే కూచుంటుంది." గొలుసు పట్టుకుని దీపం రెండు లంకెలు పైకెత్తాడు. తర్వాత ఈ నోటు పుస్తకం తీసి చదివి చెప్పాడు. వాడి పేజీల్లో వారం వారం ఒకటే మాట ఉందట: దీపం ఒక లంకె పైకి. దీపం ఒక లంకె పైకి. మొక్క ఎదిగి దీపాన్ని అందుకోబోయినప్పుడల్లా అలా ఎత్తుతారట.

ఇంకో చోట ఏదో చదవబోయి ఆగిపోయాడు.

"ఏంట్రా, చెప్పు."

"'ఊరెళ్తే అమ్మకు అప్పగించకూడదు. ప్రేమ ఎక్కువై నీళ్లు పోసి చంపేస్తుంది' అని రాశాడు పిన్నీ."

అప్పుడు నవ్వొచ్చింది. నవ్వు నవ్వుగా ఎంతోసేపు ఉండలేదు.

"ఏం పోస్తున్నావు వీటికి?"

"నీళ్లే."

"ఇంకేం కలపట్లేదు కదా? ఎరువూ గట్రా?"

"నీళ్లే అన్నాను కదరా."

నీళ్లే కదా.

మార్చి 23

ఎనిమిది. నాలుగు రోజులకు ఒక గీత. అది కూడా నేను స్కేలు వంకరగా పెట్టానేమో.

ఇవాళ రాయాల్సిందే. రాయకుండా దాటేస్తూ వచ్చాను.

ఫిబ్రవరి ఇరవై ఆరు పొద్దున నేను రొట్టెకు పిండి కలుపుతున్నాను. లావ్రిక్ మెట్లెక్కి వచ్చి, "నాలుగూ మొలిచాయమ్మా, ఒక్కసారి కిందికొచ్చి చూడు" అన్నాడు. పోయినేడు ఆ మొక్కలతోనే నా వేళ్ల నొప్పులకు లేపనం కాచి ఇచ్చాడు. నేను మూత కూడా తియ్యకుండా సొరుగులో పడేశాను. తాగుడు తెలియని, పొగాకు తెలియని ఇల్లు ఇది, నలుగురూ ఏమంటారోనని. ఆ పొద్దున తల కూడా ఎత్తలేదు. "నా ఇంట్లో ఆ గడ్డి ఎదగదు. ఎదగనే ఎదగదు, చూస్తూ ఉండు" అన్నాను.

అదే మాట. నోటితో అన్నాను.

వాడు బూట్లు వేసుకుంటూ ఏదో అన్నాడు. నేను పంపు తిప్పి చేతులు కడుక్కుంటున్నాను, వినపడలేదు. ఏమన్నావని అడగలేదు. తలుపు చప్పుడైంది. మిల్లు దాటాక మలుపులో మంచు గడ్డ కట్టి ఉంది. వాడి కారు అక్కడే జారింది.

ఇప్పుడవి ఎదగడం లేదు.

మార్చి 24

ఒక్కో మొక్క దగ్గరా కూచుని, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. నాలుగింటికీ విడివిడిగా. మతి పోయిందనుకుంటారు. అనుకోనీ.

బల్ల మార్చాను. రెండో మొక్క మిగతావాటికంటే బక్కగా ఉంటే దానికి కొంచెం ఎక్కువ పోశాను.

మార్చి 26

పోల్య వదిన వచ్చింది, ఆరు వారాల రోజున ఏ కీర్తనలు పాడాలో మాట్లాడదామని. మా ఆయన అక్క. ఎనభై రెండేళ్లు, గొంతు మాత్రం ఇంకా కంచు గంట. గుమ్మంలోనే ముక్కు మూసుకుంది.

"ఏమే ఫేన్యా, ఇంట్లో ఏం చచ్చిందే?"

"లావ్రిక్ ఎరువు సీసాల వాసన వదినా."

"నీ సీసాలు తగలెయ్య. ఆ రోజు ప్రార్థన సభ జనమంతా వస్తారు. ఆ కిటికీలు ఇవాళే తీసిపెట్టు, తొమ్మిదో తారీకుకైనా పోతుంది."

నేను టీ పెట్టే లోపు కింది గదికి దిగిపోయింది. ఆవిడ మోకాళ్లకు మెట్లు పడవంటారు, చూడాలనుకుంటే ఎన్ని మెట్లైనా పడతాయి. నేను దిగేసరికి బల్ల ముందు నిలబడి ఉంది. రొట్టె, ఉప్పు గిన్నె, కూజా.

"ఇది రోజూ పెడుతున్నావా?"

"ఊఁ."

"ఒక్కదానివే?"

"ఊఁ."

"ఫేన్యా, పాడేందుకు మనుషులు చేరితే పెట్టేదే బల్ల. ఒంటరిగా పెట్టుకుంటారటే?"

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. అక్కడే గోడకు చెయ్యి ఆన్చి, ఒక కీర్తన మొదలుపెట్టింది. నేను రెండో గొంతు అందుకోవాల్సిన చోట నోరు పెగల్లేదు. ఆవిడ ఒక్కతే మొత్తం పాడింది. పోతూ పోతూ గుడారంలోకి తొంగి చూసి, "ఇవేనా ఇంత రాద్ధాంతం చేసింది? మా పెరట్లో ముల్లంగి ఇంతకంటే పెద్దది" అంది.

ఎనిమిది.

మార్చి 29

గ్రీషా మళ్లీ వచ్చాడు. దీపం సంగతి కాదట. ఈసారి నేల మీద చెయ్యి పెట్టి చూశాడు. "సిమెంటు ఐసులా ఉంది పిన్నీ. వేళ్లకు చలేస్తే మొక్క పైకి పోదు." చెక్క పలకలు తెచ్చి కుండీల కింద పెట్టాడు. కుండీ ఇరుకైందేమోనని ఒక మొక్కను మట్టి ముద్దతో సహా తిరగేసి బయటికి తీశాడు. ఇరుకు కాలేదు. వేళ్లు కుండీ అంచు దాకా రానే లేదు. కొసలు తుప్పు రంగు తిరిగి, ముడుచుకుని ఉన్నాయి.

"ఎక్కడికో పోబోయి, వద్దని వెనక్కొచ్చినట్టున్నాయి" అన్నాడు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. వాడికేం తెలుసు.

మొక్కను మళ్లీ కుండీలో పెట్టి, అంచున తెల్లటి పొర గోటితో గీకాడు. "మీ బావి నీళ్లలో సున్నం. నీళ్లను కొలిచే కడ్డీ ఒకటి దుకాణంలో ఉంది, ఈసారి తెస్తా." బల్ల వైపు చూశాడు గానీ ఏమీ అడగలేదు. ఆరు వారాల లోపు ఇళ్లలో ఇలాంటివి ఉంటాయనుకున్నాడేమో.

కారెక్కబోతూ మళ్లీ దిగి వచ్చాడు.

"పిన్నీ, ఆ రోజు వాడు వస్తున్నది నా దగ్గరికే. మట్టి బస్తాలొచ్చాయి, ఇవాళే వచ్చి తీసుకుపో అని నేనే ఫోను చేశా. రేపు రమ్మని ఉంటే అయిపోయేది."

నెల రోజులుగా ఇది మోస్తున్నాడు. పొట్ట వేసుకుని, జోకులు వేసుకుంటూ.

నా మాట సంగతి వాడికి చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. "పోరా, జాగ్రత్తగా నడుపు" అన్నాను.

మార్చి 31

ఎనిమిది. ఎనిమిది. ఎనిమిది. ఎనిమిది.

ఏప్రిల్ 1

నాలుగోది పోయింది. పొద్దున చూసేసరికి వాలిపోయి ఉంది. రాత్రి బాగానే ఉందే. బాగానే ఉందనుకున్నాను.

బల్ల మార్చాను. మిగతా మూడింటికీ పోశాను. నాలుగోదానికీ పోశాను.

ఏప్రిల్ 3

ఇవాళ జరిగింది వరసగా రాస్తాను.

గ్రీషా కడ్డీ తెచ్చాడు. ముందు బావి నీళ్లలో ముంచాడు, తల ఊపాడు, బాగానే ఉన్నాయి. తర్వాత కుండీలో నీళ్లు పోసి, అడుగు నుంచి కారినవి గిన్నెలో పట్టి ముంచాడు. అంకె చూశాడు. కడ్డీ దులిపి మళ్లీ ముంచాడు.

"పాడైందేమో ఇది."

బావి నీళ్లలో మళ్లీ పెట్టాడు. బాగానే ఉంది. కుండీ నీళ్లలో పెట్టాడు. అంకెలు పైకి, పైకి.

అప్పుడు వేలు తడి చేసి, కుండీ అంచున ఉన్న తెల్లటి పొర అద్ది నాలుక మీద పెట్టుకున్నాడు. చూస్తూ చూస్తూ ఉండగా వాడి మొహం మారింది.

"పిన్నీ, ఇది సున్నం కాదు. ఉప్పు."

"ఉప్పెందుకుంటుందిరా?"

"అదే నేనూ అడుగుతున్నా. మట్టిలో ఉప్పు చేరితే వేళ్లు నీళ్లు తాగలేవు. పక్కనే నీళ్లున్నా దాహంతో ఎండిపోతుంటాయి. ఇంకెక్కడ ఎదుగుతాయి?"

అంటూనే వాడి కళ్లు బల్ల మీదికి వెళ్లాయి. రొట్టె. కూజా. ఉప్పు గిన్నె. ఉప్పు గిన్నె మీదే ఆగాయి. వాడు టోపీ తీసేశాడు.

"రోజూనా, పిన్నీ?"

"చిటికెడే" అన్నాను. "మూడు వేళ్లకు వచ్చినంతే. పారబోయలేకపోయానురా. వాడి ముందు పెట్టింది ఎలా పారబోయను?"

కింద కూలబడి మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. తర్వాత ఏడ్చాడు. "రాశాడుగా వాడు. ముందే రాసి పెట్టాడుగా."

లెక్కపెట్టాను. ఇరవై నాలుగు పొద్దులు.

మూడు కుండీలూ ఆవిరి స్నానాల గదికి మోసుకుపోయాం. పెరట్లో నీడన ఇంకా మిగిలి ఉన్న మంచు పారతో బకెట్లకు ఎత్తి, పొయ్యి మీద కరిగించి, గోరువెచ్చన చేసి, నెమ్మదిగా పోశాం. మంచు నీళ్లలో ఏమీ ఉండదట. పోస్తుంటే కింద నుంచి టీ రంగు నీళ్లు కారుతూనే ఉన్నాయి. బకెట్ తర్వాత బకెట్. మధ్య మధ్యలో గ్రీషా కడ్డీ పెట్టి అంకె చెప్పేవాడు. అంకె దిగుతూ వచ్చింది. నా వేళ్లు వంకర్లు పోయి చెంబు పట్టలేకపోతే వాడే పోశాడు.

అప్పుడు చెప్పాను వాడికి. పిండి కలుపుతూ నేనన్న మాట. పంపు చప్పుడు. అంతా.

వాడు చాలాసేపు పోస్తూనే ఉన్నాడు. "మాటకు ఎదుగుదల ఆగితే, మా ఆవిడ తిట్లకు నేనీపాటికి కుండీలో ఉండేవాణ్ణి పిన్నీ" అన్నాడు.

నా మాట కాదు. ఉప్పు.

నేను పెట్టిన ఉప్పు.

ఏప్రిల్ 4

పొద్దున అలవాటుగా ఉప్పు డబ్బా తీశాను. మూత తీసి, మూత పెట్టాను. మళ్లీ తీశాను.

రొట్టె, నీళ్లు మాత్రం పెట్టాను. అదేదో సగం మనిషిని కూచోబెట్టినట్టు ఉంది.

ఏప్రిల్ 6

రెండోదానికి నెత్తిన కొత్త ఆకు. మిగతావాటిలా నల్లటి పచ్చ కాదు, లేత పచ్చ. ఎత్తు ఎనిమిదే. మోకాలు ఎక్కడ, ఎనిమిది ఎక్కడ. మూడు రోజులు.

ఏప్రిల్ 8

మరూస్య నిన్న వచ్చింది. వచ్చీ రాగానే వంటింట్లో దిగింది. బోర్ష్ సూపుకు క్యాబేజీ, కూర పెట్టి ఒత్తే పిరోగీలకు పిండి, ఎండు పళ్ల పానకం. పిరోగీలు ఒత్తుతూ నన్నోసారి, కింది మెట్లనోసారి చూస్తోంది. ఇంకా దిగలేదు. నేనూ దిగమనలేదు.

రెండోది తొమ్మిది.

ఏప్రిల్ 10

నిన్న ఆరు వారాలు. అరవై మంది దాకా వచ్చారు. ముందు గదిలో బల్ల వేసి రొట్టె, ఉప్పు, నీళ్లు పెట్టాం. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క. పోల్య వదిన అందుకుంది. ఈసారి నా గొంతు వచ్చింది. రెండో చరణంలో వచ్చింది, బాగా రాలేదు, వచ్చింది. గ్రీషా మగవాళ్ల వరసలో వెనక నిలబడి, నా వైపు చూసి తల ఊపాడు.

అందరూ పోయాక మరూస్య చెత్త సంచులు చంకన పెట్టుకుని కిందికి దిగింది. నేను వెనకాలే. గుడారం జిప్పు తీసి చాలాసేపు చూసింది.

"ఇవేనా అమ్మా?"

"ఇవే."

"మోకాలెత్తన్నాం."

"అన్నాం."

ఇక దాచలేదు. బల్ల సంగతి, ఉప్పు సంగతి, నేనన్న మాట, అంతా చెప్పేశాను. అది వింటూ వాడి కుర్చీలో కూచుంది. సంచులు ఒళ్లో పెట్టుకుని మడత మీద మడత పెడుతోంది.

"వాడు ఆ పొద్దున కారులోంచి నాకు ఫోను చేశాడు" అంది చివరికి. "'అమ్మ మళ్లీ శాపం పెట్టింది, ఇంక ఈసారి పంట అదిరిపోతుంది' అన్నాడు. నవ్వుతున్నాడమ్మా."

"నిజంగా?"

"నిజంగా."

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదే?"

"నువ్వు ఆ మాటే పట్టుకుని ఉన్నావని నాకేం తెలుసు? ఎప్పుడైనా చెప్పావా?"

మరూస్య చిన్నప్పట్నుంచీ అబద్ధం చెప్పేటప్పుడు నా కళ్లలోకి సూటిగా చూస్తుంది. ఇప్పుడు సంచుల వంక చూస్తోంది. అందుకే నమ్ముతున్నాను. నమ్మాలనే ఉంది కాబట్టి అలా లెక్క కట్టుకుంటున్నానేమో కూడా. వాడు తలుపు దగ్గర నాతో ఏమన్నాడో మాత్రం ఇక ఎప్పటికీ తెలియదు. ఆ సంగతి మరూస్యకూ తెలియదు.

సంచులు అలాగే మడిచి పైకి తెచ్చేసింది.

"రెండోది తొమ్మిది దాటింది కదా, చూద్దాం" అంది. "కానీ ఆ బల్ల తీసెయ్యి. పోల్య అత్త చెప్పింది నిజమే, ఒంటరిగా ఎవరూ పెట్టరు. నేనొచ్చినప్పుడు పెడదాం, నేనూ పాడతాను."

"నీకు పాడ్డం ఎక్కడొచ్చే?"

"రాదు. నువ్వున్నావుగా."

ఇవాళ పొద్దున అది బయల్దేరాక బల్ల తుడిచాను. రొట్టె పిట్టలకు. నీళ్లు కుండీలకు. ఉప్పు గిన్నె పైకి తెచ్చి వంటింటి అరలో పెట్టాను, అది ముందుండే చోటే.

ఏప్రిల్ 15

పదకొండు. పదమూడు. తొమ్మిది.

లేపనం సీసా సొరుగులోంచి తీశాను. మూత బిగుసుకుపోయింది. గుడ్డ వేసి తిప్పితే వచ్చింది. వేళ్లకు రాసుకున్నాను. తేనె మైనం వాసన, వాడి గుడారం వాసన. నొప్పి తగ్గిందా అంటే చెప్పలేను. రోజంతా చెయ్యి కడుక్కోలేదు.

ఏప్రిల్ 21

మొదటిది పంతొమ్మిది. రెండోది ఇరవై రెండు. మూడోది పదమూడు దగ్గరే నిలిచిపోయింది. అది అంతేనట, వేళ్లు బాగా కాలిపోయాయని గ్రీషా అన్నాడు. ఉండనీ, దానికిష్టమొచ్చినంతే ఎదగనీ.

ఇవాళ బోర్ష్ కాచాను, నా ఒక్కదానికే. ఉప్పు అరలోంచి తీసి వేశాను. ముందు తక్కువ వేసి, రుచి చూసి, మళ్లీ వేశాను.

ఏప్రిల్ 30

రెండోది ముప్పై ఆరు. కాడ కనిపిస్తోంది, ఆకుకూ ఆకుకూ మధ్య నా బొటనవేలు పడుతుంది. నెత్తి దీపం దాకా వచ్చేసింది. పై ఆకులు వెలుగుకు కొంచెం ముడుచుకున్నాయి.

గ్రీషాకు ఫోను చేద్దామనుకున్నాను. చెయ్యలేదు. స్టూలు వేసుకుని ఎక్కాను. గొలుసు కొక్కెం గట్టిగా ఉంది, నా వేళ్లతో రెండుసార్లు జారింది. మూడోసారి పట్టుకుంది.

వాడు రాసినట్టే రాస్తున్నాను, వాడి పేజీల్లోంచి ఒక్కో అక్షరం చూసి దింపుకుంటూ:

దీపం ఒక లంకె పైకి.